ల్యాబ్ సేఫ్టీ షవర్, ఐవాష్ యూనిట్: నిమిషానికి 75.7 లీటర్లు నిజంగా వస్తున్నాయా?

మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకు, కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం రాకముందు, కొన్న ఎమర్జెన్సీ షవర్, ఐవాష్ యూనిట్‌ను ఏడాదికి పైగా వాడి, కొలిచి, కొన్ని మార్పులు చేయించిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. ఒకే స్తంభానికి పైన వెడల్పాటి షవరు, నడుము ఎత్తున కళ్లు కడుక్కోవడానికి రెండు నాజిళ్లున్న గిన్నె, పక్కన లాగడానికి త్రికోణపు పిడి, కింద కాలితో తొక్కే పెడల్ ఉండే ఈ యూనిట్‌ను ఒకే నమూనాలో పలు పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. మేము తీసుకున్నది స్టీలు రకం. ధర పాతిక వేల రూపాయల లోపు. సరుకు మంచిదే. అయితే అది అవసరానికి ఆదుకుంటుందా లేదా అన్నది దానికి అందే నీటి మీద ఆధారపడి ఉంటుంది. ఆ నీరు ఎంత ఉండాలో కంపెనీవారి కరపత్రం గ్యాలన్లలో, పీఎస్ఐలలో (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని), ఫారన్‌హీట్ డిగ్రీలలో చెబుతుంది. మన కాలేజీల్లో ట్యాంకును లీటర్లలో, మిద్దె ఎత్తును అడుగుల్లో, గొట్టాన్ని అంగుళాల్లో లెక్కపెడతారు. ఈ రెండు లెక్కలనూ కలిపి చూసేవారు లేకపోతే యూనిట్ తనిఖీ రోజున ఫొటోలో నిలబడడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు.

అసలు ఇంత నీరు ఎందుకన్న సందేహం మా పాలకవర్గం సభ్యులకూ వచ్చింది. డిగ్రీ ల్యాబులో 98 శాతం గాఢత గల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది, దాని సాంద్రత మిల్లీలీటరుకు 1.84 గ్రాములు. ఒంటి మీద పడితే కాల్చడమే కాక, చర్మంలోని తేమతో కలిసి వేడిని కూడా పుట్టిస్తుంది. కొద్దిపాటి నీళ్లు చల్లి ఊరుకుంటే ఆ వేడి అక్కడే నిలుస్తుంది. ధారాళంగా పోస్తే ఆమ్లమూ వేడీ రెండూ కొట్టుకుపోతాయి. కాస్టిక్ సోడా కంటికి ఆమ్లం కన్నా ప్రమాదకరం. ఆమ్లం తగిలిన చోట కణజాలంలోని ప్రోటీన్లు గడ్డకట్టి కొంతవరకు అడ్డుపొరలా నిలుస్తాయి. క్షారం మాత్రం కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగిపోతూనే ఉంటుంది. అందుకే కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగాలని ఈ పరికరాలకు ఆధారమైన అమెరికన్ ప్రమాణం, ఆన్సీ జెడ్358.1, నిర్దేశిస్తుంది. కంటిలో ఆమ్లం పడితే సోడా బైకార్బనేట్ ద్రావణం, క్షారం పడితే బోరిక్ ఆమ్లం వేయాలని మన ల్యాబు గోడల మీద ఇప్పటికీ కనిపించే పాత పద్ధతిని నమ్మవద్దు. కంటిలో తటస్థీకరణ చర్య జరిపించడమంటే అక్కడ మళ్లీ వేడి పుట్టించడమే. మంచి నీరే మందు.

ఇక లెక్కల్లోకి వస్తే, షవరుకు నిమిషానికి 20 గ్యాలన్లు కావాలని కరపత్రంలో ఉంది, ఏ గ్యాలనో రాయలేదు. మన పాత పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న గ్యాలన్ బ్రిటిష్‌ది, 4.546 లీటర్లు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది అమెరికన్ గ్యాలన్, 3.785 లీటర్లు. కాబట్టి కావలసినది నిమిషానికి 75.7 లీటర్లు. బ్రిటిష్ గ్యాలన్ అనుకుని 90.9 లీటర్లకు ఏర్పాటు చేసుకున్నా నష్టం లేదు, నీరు ఎక్కువే వస్తుంది. అసలు కష్టం తరువాతి మెట్టులో ఉంది. నిమిషానికి 75.7 లీటర్ల చొప్పున 15 నిమిషాలంటే 1,136 లీటర్లు. మా ల్యాబు మీది ట్యాంకు 1,000 లీటర్లది. అదీ మధ్యాహ్నానికి సగానికి దిగిపోయేది, ఎందుకంటే మరుగుదొడ్లకూ దాని నుంచే నీరు పోతుంది. అంటే తనిఖీ పత్రంలో 'సేఫ్టీ షవర్ ఉంది' అని రాసుకున్న రోజుల్లో మా దగ్గర ఉన్నది ఆరేడు నిమిషాల నీరు మాత్రమే. ఈ గుణకారం సరఫరాదారు చేసి చూపించలేదు, కరపత్రంలోనూ లేదు.

ఒత్తిడి విషయం ఇంకా ముఖ్యం. యూనిట్ ముఖద్వారం దగ్గర 30 పీఎస్ఐ ఉండాలని కరపత్రం మొదటి పేజీ చెబుతుంది, బొమ్మ పక్కన 2 బార్ అని, వెనుక పేజీలో చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు అని ఉంది. ఈ మూడూ ఒకటి కావు: 2 బార్ అంటే 29 పీఎస్ఐ, 2 కిలోలంటే 28.4. తేడా స్వల్పమే కాబట్టి దాని గురించి ఎవరూ బెంగపెట్టుకోనక్కరలేదు. పట్టించుకోవలసిన మార్పిడి ఈ మూడింటిలో ఏదీ కాదు, పీఎస్ఐ నుంచి మీటర్లలోకి చేసుకోవలసినది. ఒక పీఎస్ఐ ఒత్తిడి రావాలంటే నీటి మట్టం 0.703 మీటర్లు పైన ఉండాలి. ఆ లెక్కన 30 పీఎస్ఐకి 21 మీటర్లు, దాదాపు 69 అడుగులు. అంటే కింది అంతస్తులోని ల్యాబుకు కేవలం ట్యాంకు ఎత్తుతోనే ఈ ఒత్తిడి రావాలంటే ఆ ట్యాంకు ఆరంతస్తుల భవనం మీద ఉండాలి. మాది రెండంతస్తుల భవనం. ట్యాంకులో నీటి మట్టానికీ షవరు తలకూ మధ్య ఉన్నది 7 మీటర్లు, అంటే 10 పీఎస్ఐ. జిల్లాల్లోని మన కాలేజీ భవనాల్లో ఎక్కువ భాగం ఒకటి రెండు అంతస్తులవే. కాబట్టి ఇది మా ఒక్కరి ఇబ్బంది అయ్యే అవకాశం తక్కువ.

బిగించి వెళ్లిన మనిషి పిడి లాగి చూపించినప్పుడు నీళ్లు పడ్డాయి. అందరూ తృప్తి పడ్డారు. షవరు నుంచి నీళ్లు పడడం వేరు, సరిపడా పడడం వేరు. దీన్ని కొలవడానికి ఖరీదైన మీటరేమీ అక్కరలేదు. షవరు తల చుట్టూ వెడల్పాటి పాలిథీన్ సంచిని అడుగు కత్తిరించి గొట్టంలా కట్టి, దాని కొసను కొలత గుర్తులున్న 50 లీటర్ల డ్రమ్ములో పెట్టి, పిడి లాగిన క్షణం నుంచి వాచీ చూసుకుంటే చాలు. మా డ్రమ్ము నిండడానికి 100 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 30 లీటర్లు, కావలసిన దానిలో సగం కూడా కాదు. కారణం ఒత్తిడి ఒక్కటే కాదు, గొట్టం కూడా. యూనిట్ ముఖద్వారం ఒకటింపావు అంగుళం. మా ప్లంబరు దగ్గరలో ఉన్న ముప్పావు అంగుళం లైనుకు రెడ్యూసర్ వేసి కలిపేశాడు. ముప్పావును ఒకటింపావుతో భాగిస్తే 0.6, వైశాల్యానికి దాన్ని వర్గం చేస్తే 0.36. వ్యాసంలో తేడా అర అంగుళమే అయినా నీటికి దొరికే దారి మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. వ్యాసాలను పోల్చి 'కొంచెం చిన్నది' అనుకునేవారికి ఈ వర్గం గుర్తుకు రాదు. ప్లంబరును తప్పుపట్టలేము, కరపత్రంలో ముఖద్వారం కొలత 'డీఎన్ 32' అని, అంటే సుమారు మిల్లీమీటర్ల లెక్కలో, ఉందే తప్ప అంగుళాల్లో లేదు.

సరిదిద్దడానికి మేము చేసినది ఇది: షవరుకు విడిగా ఒకటింపావు అంగుళం లైను, భూమిలోని సంపు నుంచి ప్రెషర్ పంపు, సంపులో ఎప్పుడూ 1,500 లీటర్లు మిగిలేలా మిగతా వాడకానికి ఎత్తులో పెట్టిన పైపు. పంపు ఎంపికలోనూ మార్పిడి తప్పలేదు. నిమిషానికి 80 లీటర్లను 24 మీటర్ల ఎత్తుకు సమానమైన ఒత్తిడితో నెట్టడానికి నీటికి అందవలసిన శక్తి సుమారు 314 వాట్లు. అర హెచ్‌పీ అంటే 373 వాట్లు కాబట్టి అది సరిపోతుందని దుకాణదారు వాదించాడు. కానీ ఇంత చిన్న పంపులు తమ శక్తిలో సగం కూడా నీటికి అందించలేవు. అందుకని ఒక హెచ్‌పీ, అంటే 746 వాట్లది తీసుకున్నాము. కరెంటు పోయినప్పుడు ఆగకుండా ల్యాబు జనరేటర్ లైనుకు కలిపించాము. ఇప్పుడు అదే డ్రమ్ము 38 సెకన్లలో నిండుతున్నది, నిమిషానికి 79 లీటర్లు. ఈ ఏర్పాట్లకు అయిన ఖర్చు యూనిట్ ధరను మించిపోయింది. కొనబోయేవారు బడ్జెట్ వేసుకునేటప్పుడే ఈ సంగతి తెలుసుకోవాలి.

కళ్లు కడిగే భాగానికి మాత్రం నిండు మనసుతో మంచి మార్కులు వేస్తాను. ఐవాష్‌కు ప్రమాణం అడిగేది నిమిషానికి 0.4 గ్యాలన్లు, అంటే ఒకటిన్నర లీటర్లే. ఆ నీరు పంపు పెట్టక ముందు 10 పీఎస్ఐ దగ్గర కూడా సులువుగా వచ్చింది. రెండు నాజిళ్ల నుంచి ధారలు ఒకే ఎత్తుకు లేచి, వంగిన ముఖానికి మెత్తగా తగులుతాయి. వీధి కుళాయి కింద కన్ను పెట్టినట్టు కొట్టవు. పెడల్ తొక్కితే వాల్వు సెకనులోపే తెరుచుకుని, మళ్లీ మూసేదాకా అలాగే ఉంటుంది కాబట్టి రెండు చేతులతో కనురెప్పలు విప్పి పట్టుకోవచ్చు. ఒక్క లోపం: నాజిళ్ల మీద దుమ్ము పడకుండా పెట్టిన పసుపుపచ్చ ప్లాస్టిక్ మూతలు నీటి తోపుకు వాటంతటవే ఊడాలి. తక్కువ ఒత్తిడిలో కుడివైపుది ఊడిపోయేది, ఎడమవైపుది వేలితో తీస్తే గాని వచ్చేది కాదు. కళ్లు మూసుకుపోయిన విద్యార్థి ఆ మూత కోసం తడుముకోవడం తలుచుకుంటేనే భయం వేస్తుంది. పంపు వచ్చాక రెండూ ఒకేసారి ఎగిరి పక్కకు వేలాడుతున్నాయి.

యూనిట్‌తో పాటు సరఫరాదారు అర లీటరు ఐవాష్ సీసాలు కూడా అంటగట్టాలని చూశాడు. వాటిని ఐవాష్‌కు బదులుగా కొనవద్దు. నిమిషానికి 1.5 లీటర్ల లెక్కన 500 మిల్లీలీటర్లు 20 సెకన్లలో అయిపోతాయి. 15 నిమిషాలకు 22.5 లీటర్లు, అంటే అలాంటివి 45 సీసాలు కావాలి. బల్ల దగ్గర నుంచి యూనిట్ వరకు నడిచే ఆ కొద్ది సెకన్లలో కంటిని తడిగా ఉంచడానికి ఒక సీసా పనికొస్తుంది, అంతే. కొన్ని కాలేజీలు ఈ సీసాల జతను గోడకు తగిలించి 'ఐవాష్ స్టేషన్' అని బోర్డు పెట్టడం చూశాను. అది విద్యార్థుల పట్ల అన్యాయం.

ఉష్ణోగ్రత గురించి నేను చదివిన ఏ ప్రకటనలోనూ లేదు, కానీ మన ఎండలకు ఇదే అన్నిటికన్నా పెద్ద సమస్య. నీరు గోరువెచ్చగా, 60 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండాలని ప్రమాణం చెబుతుంది. 32 తీసేసి తొమ్మిదింట అయిదు వంతులు కట్టుకుంటే 15.6 నుంచి 37.8 డిగ్రీల సెల్సియస్. చలి దేశాల వారికి భయం కింది హద్దుతో. మనకు పై హద్దుతో. మాది పెద్దపల్లి జిల్లా, రామగుండం ఎండలు తెలియనివారు లేరు. ఏప్రిల్ మధ్యాహ్నం మూడు గంటలకు మిద్దె మీద నల్ల ట్యాంకు, దాని నుంచి ఎండలో పడి ఉన్న పైపు ద్వారా వచ్చిన నీటిని స్టీలు గ్లాసులో పట్టి థర్మామీటర్ పెడితే 44 డిగ్రీలు చూపింది, అంటే 111 ఫారన్‌హీట్. ఆమ్లంతో కాలిన చర్మం మీద ఆ నీటి కింద పావుగంట నిలబడడం ఎవరి వల్లా కాదు. బాధ తాళలేక మధ్యలోనే బయటికి వస్తారు, కడగడం సగంలో ఆగిపోతుంది. సంపు నీటికి మారిన తరువాత మే నెలలో కూడా 31 డిగ్రీలు దాటలేదు. సంపు లేనివారు కనీసం తెల్లని ట్యాంకు పెట్టి, దానిపై నీడ వేయించి, పైపుకు నురుగు తొడుగు వేయించుకోవాలి.

బిగింపు ఎత్తుల విషయంలో కంపెనీ పంపిన మనిషి నిర్లక్ష్యం బాధ కలిగించింది. లాగే పిడి నేల నుంచి 69 అంగుళాలు, అంటే 175 సెంటీమీటర్లు మించకూడదు. బొమ్మలో '1753' అని మాత్రమే ఉంది, మిల్లీమీటర్లని రాయలేదు. అతని దగ్గర ఉన్నది అంగుళాల టేపు. మాకు పెట్టి వెళ్లిన పిడి ఎత్తు ఆరడుగుల మూడు అంగుళాలు, 190 సెంటీమీటర్ల పైమాట. మా తరగతుల్లో అయిదడుగుల అమ్మాయిలు చాలామంది. కళ్లు మండుతూ ఉండగా మునివేళ్ల మీద లేచి అంత ఎత్తున పిడిని వెతుక్కోవడం కుదిరే పని కాదు. ఫిర్యాదు చేస్తే గొలుసు పంపారు, మేమే తగిలించుకున్నాము. మొదట యూనిట్‌ను వరండాలో, పైపు దగ్గరగా ఉందన్న ఒకే కారణంతో పెట్టబోతే వద్దని పట్టుబట్టి, ఫ్యూమ్ హుడ్‌కూ (విష వాయువులను బయటికి లాగే అలమరకూ) తలుపుకూ మధ్య పెట్టించాము. ఎక్కడి నుంచైనా 10 సెకన్లలో, సుమారు 55 అడుగుల లోపు, అంటే 17 మీటర్లలోపు, మెట్లు, గడియలు అడ్డం లేకుండా చేరగలగాలి. నేలలో నీరు పోయే దారి కూడా ముందే చూసుకోవాలి; వెయ్యి లీటర్ల నీరు ల్యాబంతా పారితే స్విచ్చుబోర్డుల దగ్గర మరో ప్రమాదం పొంచి ఉంటుంది.

యూనిట్ల మార్పిడి పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న అనీ, భద్రత వేరే విషయమనీ అనుకునే సహోద్యోగులకు నేను చెప్పే ఉదంతం ఒకటి ఉంది. 2015లో బ్రిటన్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంలో క్రీడాశాస్త్ర ప్రయోగంలో ఇద్దరు విద్యార్థులకు 0.3 గ్రాముల కెఫీన్ ఇవ్వవలసింది, దశాంశ బిందువు జరిగిపోయి 30 గ్రాములు ఇచ్చారు. వంద రెట్లు. వారిని ఇంటెన్సివ్ కేర్‌లో చేర్చవలసి వచ్చింది, బతికి బయటపడ్డారు. 2017లో న్యాయస్థానం విశ్వవిద్యాలయానికి 4 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. ఆ లెక్క మొబైల్ ఫోనులో చేశారు. మా అలమరలోని సీసాల మీద కూడా ఒక దానికి 'నార్మల్', మరొక దానికి 'మోలార్' అని ఉండేది; రెండూ ద్రావణం గాఢతకు కొలమానాలే. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి 2 నార్మల్ అంటే 1 మోలార్, ఆమ్ల మాధ్యమంలో పర్మాంగనేట్‌కు 0.1 నార్మల్ అంటే 0.02 మోలార్. ఈ మార్పిడి జరిగే చర్యను బట్టి మారుతుంది కాబట్టి యాప్‌ను గుడ్డిగా నమ్మలేము. షవరు వచ్చిన సందర్భంలోనే ఆ లేబుళ్లన్నీ ఒకే కొలమానంలోకి మార్పించాము. షవరు కింద నిలబడవలసిన అవసరాన్ని తగ్గించే పని అది.

మన్నిక గురించి: మాది 304 రకం స్టీలు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగలు తగిలే చోట ఈ రకానికి చిన్న చిన్న గుంటలు పడతాయి. హుడ్ వైపు ఉన్న కీలు దగ్గర ఏడాది తిరగకుండానే గోధుమరంగు చుక్కలు కనిపించాయి. లవణ విశ్లేషణ ఎక్కువగా జరిగే ల్యాబులు 316 రకం అడగడం మేలు. విడిభాగాలు త్వరగా పంపుతున్నారు, ఆ విషయంలో కంపెనీని మెచ్చుకోవాలి. వారానికోసారి నీరు వదిలి చూడాలన్న సూచన కరపత్రం చివర చిన్న అక్షరాల్లో ఉంది, మొదటి పేజీలో ఉండవలసింది. పైపులో నిలిచిన నీటిలో బ్యాక్టీరియా, అమీబా పెరుగుతాయి. వేసవి సెలవుల తరువాత మొదటిసారి వదిలినప్పుడు మా ఐవాష్ నుంచి అర నిమిషం పాటు తుప్పు రంగు నీరు వచ్చింది. సోమవారం ఉదయం ల్యాబ్ అసిస్టెంట్ నీరు వదిలి, రిజిస్టరులో తేదీ, ఉష్ణోగ్రత రాసి సంతకం చేసే పద్ధతి పెట్టాము.

ఈ రకం యూనిట్‌ను కొనమనే నా సలహా. అయితే కొనుగోలు ఉత్తర్వులో 'సేఫ్టీ షవర్ ఒకటి' అని రాసి వదలవద్దు. షవరు ప్రవాహం నిమిషానికి కనీసం 75.7 లీటర్లు, ఐవాష్ 1.5 లీటర్లు, రెండూ ఒకేసారి తెరిచి 15 నిమిషాలు నడవాలి. ముఖద్వారం దగ్గర 30 పీఎస్ఐ, అంటే 21 మీటర్ల నీటి ఒత్తిడికి ఎవరు ఏర్పాటు చేస్తారో తేలాలి. పిడి 175 సెంటీమీటర్లకు మించరాదు. బిగించిన తరువాత మా సమక్షంలో డ్రమ్ము పెట్టి కొలిచి చూపిన మీదటే బిల్లు చెల్లిస్తాము అని రాయండి. మా పక్క పట్టణంలోని ఒక కాలేజీవారు ఈ షరతులతో ఉత్తర్వు ఇస్తే, అదే సరఫరాదారు ముందుగా తన ప్లంబరును పంపి ట్యాంకు ఎత్తు కొలిపించి, పంపుతో సహా కొటేషన్ ఇచ్చాడు.